ఇసుక గ్రీన్ మీద సంతకం

మే నెల, మధ్యాహ్నం. కాన్సాస్ పడమటి అంచున బ్రెన్నర్ అనే చిన్న ఊరి గోల్ఫ్ మైదానంలో, చివరి గుంట చుట్టూ చదును చేసిన గ్రీన్ పక్కనున్న చెక్క బల్ల దగ్గర నార్బర్ట్, లోవెల్.

"పెట్టరా లోవెల్, ఒక్క సంతకం. ఆస్తి రాసిమ్మంటున్నానా?"

"పెన్ను రాయట్లేదు నార్బ్."

"ఇందాక నీ లెక్క దాంతోనే రాసుకున్నావుగా?"

"అప్పుడు రాసింది."

"విదిలించు."

"విదిలించాను. చూశావుగా."

"ఇదిగో, నాది తీసుకో. బ్యాంకు వాళ్ళిచ్చింది, బ్రహ్మాండంగా రాస్తుంది. నా లెక్కల కార్డు కింద గీత ఉంది చూడు, 'తోటి ఆటగాడి సంతకం' అని. అక్కడ. తొమ్మిదేసి గుంటలు రెండు చుట్లు, మొత్తం పద్దెనిమిది గుంటలు, ఎనభై నాలుగు దెబ్బలు. అంకె నీ చేత్తో నువ్వే వేశావు."

"నువ్వు చెప్పావు, నేను వేశాను."

"అంటే?"

"ఏం లేదు. గాలి బాగుంది కదూ?"

"గాలా! పొద్దున్నుంచి నోట్లో ఇసకే. పళ్ళు కరకరలాడుతున్నాయి. ఇదీ ఒక గోల్ఫ్ మైదానమేనట్రా? గ్రీన్ అంటే పచ్చగా ఉండాలి. గడ్డి ఉండాలి, దువ్వినట్టుండాలి. ఇక్కడేమో పాత ఇంజనాయిలు కలిపిన ఇసక! బంతి నెట్టే ముందు ఇనప గొట్టం ఈడ్చుకుంటూ దారి చేసుకోవాలట. నేను గోల్ఫ్ ఆడటానికొచ్చానా, చదును పనికొచ్చానా?"

"మా నాన్న ఇలాంటి ఇసక మీదే నేర్చుకున్నాడు."

"కనపడుతోంది."

"మా నాన్న జోలికి పోకు."

"సరే, పోను. డ్వేన్ జోలికి పోతాను. వాడేడీ?"

"ఈ ఒక్క గొట్టం ఇక్కడుంచి, మిగతావీ ఇసక దువ్వే పళ్ళకర్రలూ షెడ్డులో అప్పజెప్పడానికెళ్ళాడు. అక్కడ పని చూసుకునే పెద్దావిడతో మాటల్లో పడుంటాడు."

"పడతాడు. వాడికి షెడ్డు కనిపిస్తే చాలు, పండగ. పన్నెండేళ్ళురా లోవెల్! మన ముగ్గురం పన్నెండు మే నెలలు తిరిగాం. మనుషులన్నవాళ్ళు అరిజోనా వెళ్తారు. కరొలైనాలో సముద్రం ఒడ్డుకెళ్తారు. మనమెక్కడికెళ్ళాం? ఆర్కన్సాలో కోళ్ళ ఫారాల మధ్య ముక్కు మూసుకుని ఆడాం. నార్త్ డకోటాలో పురుగుమందు కొట్టే విమానం దిగే దారికి అడ్డంగా ఆడాం. 'విమానం వస్తే పక్కకి తప్పుకోండి' అని బోర్డు! ఇలినాయిలో ఆ మోటెల్ గదిలో ఫ్రిజ్ తీస్తే ఏముంది? చెప్పు."

"వానపాములు."

"వానపాములు! డబ్బాలో, మూత పెట్టి."

"ఎవరో చేపలు పట్టేవాళ్ళు మర్చిపోయారు. మనకోసం పెట్టినవి కాదుగా."

"అంటే ఆ గది ఎవడూ తుడవలేదనేగా! అందులో నాలుగు రాత్రులు పడుకున్నాను నేను. అయినా డ్వేన్ గాడు ఏమన్నాడు? 'చల్లగా ఉన్నాయి, పాపం బతికే ఉన్నాయి' అన్నాడు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు తోలి తోలి వాడికి సందుల్లో తిరగడమే ప్రయాణమైపోయింది. మ్యాపు పరుస్తాడు, పెద్ద రోడ్డు లేని ఊరేదో చూస్తాడు, ఆ ఊళ్ళో గది తీసుకుంటాడు."

"నిన్న కేఫులో చిల్లీ మాంసం కూర పక్కన దాల్చినచెక్క తీపి రొట్టె రెండుసార్లు పెట్టించుకున్నావు."

"అది వేరే."

"మూడోది కాగితంలో చుట్టించుకున్నావు."

"అది వేరే అన్నానా! మాట మార్చకు. సంతకం."

"ఇంత అడ్డమైన మైదానంలో ఆడిన ఆటకి నా సంతకం ఎందుకురా? చెత్తబుట్టలో పడేయ్."

"ఎందుకో నీకు తెలీదూ? మొన్న కార్లో మొత్తం చెప్పాను. నిద్రపోయావా?"

"కాసేపు."

"సరే, మళ్ళీ విను. ఫాక్స్ హాలో అనే గోల్ఫ్ క్లబ్బులో చేరాలనుకుంటున్నాను. సభ్యత్వానికి అయిదు కార్డులు కావాలన్నారు. అయిదూ తొంభై దెబ్బల లోపుండాలి. ప్రతి దాని మీదా తోటి ఆటగాడు సంతకం పెట్టాలి. నాలుగు డ్వేన్ చేత పెట్టించి పంపాను. 'అన్నీ ఒకరివే ఉన్నాయి, అయిదోది ఇంకొకరి చేత పెట్టించండి' అన్నారు. సోమవారం ఆఖరు. అర్థమైందా?"

"డ్వేన్ అంకె చూసే పెట్టాడా?"

"వాడు చూడడు. పార్సెలొస్తే పెట్టినట్టు పెట్టేస్తాడు. అందుకే వాడంటే నాకిష్టం."

"ఇప్పుడేగా తిట్టావు."

"రెండూ ఉండొచ్చు."

"మన ఊళ్ళోనే మునిసిపల్ మైదానం ఉందిగా నార్బ్. నలభై ఏళ్ళు ఆడాం. ఆ క్లబ్బు ఎందుకు నీకు ఈ వయసులో?"

"ఎందుకా? మార్చిలో నా మనవరాలి పుట్టినరోజు. మా వియ్యపురాలు ఆ క్లబ్బులోనే చేసింది. నేను సూటేసుకుని, బొమ్మల ఇల్లు పట్టుకుని వెళ్ళాను. గుమ్మంలో ఓ పిల్ల ఆపి నా కోటుకి బిళ్ళ తగిలించింది. ఏముందో తెలుసా దాని మీద? 'అతిథి'. నా మనవరాలి పుట్టినరోజుకి నేను అతిథినట!"

"తీసేయాల్సింది."

"తీశాను. మళ్ళీ పెట్టింది. ఫోటోలన్నిట్లో ఆ బిళ్ళే. కేకు కోస్తుంటే వెనకాల బిళ్ళ. పాపని ఎత్తుకుంటే పాప చేతిలో బిళ్ళ. 'తాతా, అతిథి అంటే ఏంటి?' అని అడిగింది. ఏం చెప్పను? నాకు అరవై ఏడొచ్చాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ తలుపు నా చేత్తో తోసుకుని నడుచుకుంటూ వెళ్ళాలి. ఆ పిల్ల లేచి 'నమస్కారమండీ' అనాలి. అంతే. పెద్ద కోరికా ఇది?"

"కాదు. పెద్దదేం కాదు."

"మరి పెట్టు."

"ఒకటడగనా?"

"పెట్టి అడుగు."

"అడిగి పెడతాను. ఇవాళ పద్దెనిమిది గుంటల్లో, నీ బంతి గుంటలో పడిన చప్పుడు ఎన్నిసార్లు విన్నావు?"

"ఇదేం ప్రశ్న? పద్దెనిమిది గుంటలంటే పద్దెనిమిది సార్లు."

"మూడు."

"ఏం మూడు?"

"మూడుసార్లు. నేను లెక్కపెట్టాను. మిగతా పదిహేనూ నువ్వు వొంగి చేత్తో తీసుకున్నావు."

"తీసుకోమన్నది ఎవరు? 'అయిపోయినట్టేలే, తీసుకో' అన్నది నువ్వు కాదూ? గుంటకి జానెడు దూరంలో ఉన్నదాన్ని మళ్ళీ కొట్టించడం ఎందుకని ఒక దెబ్బ వేసుకుని ఇచ్చేస్తాం. స్నేహితుల మధ్య ఉన్నదే అది. దేశమంతా చేసేదే! నేనేం కొత్తగా కనిపెట్టానా?"

"జానెడా? ఏడో గుంట దగ్గర నీ బంతి ఎంత దూరంలో ఉంది?"

"దగ్గర్లోనే."

"ఆ దగ్గర్లో నా కారు పెట్టొచ్చు. పక్కన డ్వేన్ సైకిలు కూడా పెట్టొచ్చు."

"మరి నువ్వెందుకిచ్చావు? నోరు మూసుకుని కొట్టమనలేకపోయావా?"

"ఎనిమిదేళ్ళ క్రితం ఆ ఆర్కన్సా తర్వాత నిన్నెవడు కొట్టమంటాడు?"

"ఆర్కన్సాలో ఏమైంది?"

"ఏమైందా! మూడడుగుల దూరం నుంచి గుంటలోకి నెట్టలేకపోయావు. కర్ర తీసి చెరువులోకి గిరాటేశావు. తర్వాత రెండు రోజులు మాతో భోజనానికి రాలేదు. కార్లో కూర్చుని, అద్దాలెత్తుకుని, బిస్కెట్లు తిన్నావు. ఇంటికొచ్చే దారిలో తొమ్మిది గంటలు ఒక్క మాట మాట్లాడలేదు. డ్వేన్ రేడియో పెడితే ఆపేశావు. అప్పుడనుకున్నాం మేమిద్దరం, వీడికి ఇచ్చేద్దాంరా పోనీ అని. మొదటి ఏడాది కర్ర పొడవంత దూరం ఇచ్చాం. తర్వాత తర్వాత అది పెరిగింది."

"మీరిద్దరూ అనుకున్నారా? నా వెనకాల?"

"నువ్వు కార్లో ఉన్నావుగా."

"అంటే ఎనిమిదేళ్ళ నుంచి నా ఆట మీ దయ. అంతేనా?"

"దయ అని నేననలేదు. దూరం నువ్వు బాగానే కొడతావు, మా ఇద్దరికంటే బాగా. బంతి గుంట దాకా వస్తుంది. లోపలికి మటుకు పోదు."

"ఈ దిక్కుమాలిన ఇసకలో ఎవడిది పోతుంది లోపలికి!"

"అయితే ఒక పని చెయ్. గ్రీన్ ఖాళీగా ఉంది. వెనక ఎవరూ లేరు. మూడడుగుల దూరంలో బంతి పెట్టు. గొట్టంతో దారి చేసుకో, ఎన్నిసార్లయినా చేసుకో. ఒక్కసారి లోపలికి నెట్టు. పడిందనుకో, నీ బ్యాంకు పెన్నుతోనే పెడతాను, అంకె మారదు."

"నాకు పరీక్షా?"

"మూడడుగులేరా. మీ మనవరాలు కూడా..."

"మనవరాలి మాటెత్తకు! ఇటివ్వు ఆ గొట్టం."

"ఇదిగో."

"ఇక్కడ ఎగుడుగా ఉంది."

"ఈడ్చు."

"ఇప్పుడు ఇటుపక్క."

"ఈడ్చు, ఈడ్చు."

"నవ్వుతున్నావా?"

"లేదు. ఎండ కళ్ళల్లో పడుతోంది."

"ఇంకోసారి ఈడుస్తాను."

"నాలుగుసార్లయింది నార్బ్. కాస్త ఉంచు, రేపొచ్చేవాళ్ళక్కూడా ఇసక కావాలి."

"ఏంట్రా, ఇంకా ఆడుతూనే ఉన్నారా మీరిద్దరూ?"

"వచ్చావా డ్వేన్! రా, కూర్చో. నార్బర్ట్ ఒక చిన్న పని మీదున్నాడు."

"సోడాలు తెచ్చాను. షెడ్డులో పెద్దావిడ ఊరికే ఇచ్చేసింది. అయోవా నుంచి మా ఊరు వెతుక్కుంటూ వచ్చారా అని మురిసిపోయింది పాపం. గోడ మీద మన ముగ్గురి పేర్లు రాయమంది, రాశాను. నార్బ్, నీకు నిమ్మకాయది. అదేగా నీకిష్టం."

"అక్కడ పెట్టు. నాకు నీడ పడుతోంది, జరుగు."

"జరిగాను. ఒరేయ్, వచ్చే ఏటిది తేల్చేశాను! పెద్దావిడ తమ్ముడుంటాడట మోంటానాలో. ఊళ్ళో గోధుమల గిడ్డంగి, దాని వెనకాల మైదానం. ఆవులు అందులోనే మేస్తాయట. అందుకని గ్రీన్ల చుట్టూ కంచె వేశారు. గేటు తీసుకుని లోపలికెళ్ళి బంతి నెట్టి, మళ్ళీ గేటు వేసి రావాలి. ఎంత బాగుందో చూడండి! తమ్ముడి పేరు, నెంబరు అన్నీ రాసుకున్నా."

"ఆవులా?"

"ఆవులే. సాధువైనవేనట."

"డ్వేన్, నువ్వొక్కడివే వెళ్ళు."

"అదేంట్రా?"

"ఆవులకి నీ కబుర్లు నచ్చుతాయి. పన్నెండేళ్ళు నీ వెంట కుక్కల్లా తిరిగాం. పురుగుమందు పీల్చాం, పేడ వాసన పీల్చాం, ఇవాళ ఇసక తిన్నాం. మంచి మైదానమంటే ఎలా ఉంటుందో నీకు తెలిసుంటేగా మాకు చూపించడానికి! నీ జన్మలో ఒక్క మంచి చోటు చూశావా? నువ్వు తోలిన బస్సులో పిల్లలు నయం, వాళ్ళు స్కూలు రాగానే దిగిపోయేవాళ్ళు."

"నార్బర్ట్, ఇంక చాల్లే."

"నువ్వూరుకో లోవెల్. ఎవరో ఒకరు చెప్పాలిగా."

"అందరూ అలాగే అనుకుంటున్నారా? లోవెల్, నువ్వు కూడానా?"

"నేనెప్పుడూ అలా అనలేదు డ్వేన్."

"అనడు. మనసులో అనుకుంటాడు, నేను పైకంటాను. అంతే తేడా."

"ఓహో. సరేలే. నాకేదో బాగున్నాయనిపించి... సరేలే. ఫోనొకటి పొద్దున్నుంచి వస్తోంది, ఎవరిదో తెలీని నెంబరు. ఇక్కడ ముక్కలు ముక్కలుగా వినపడుతోంది. ఆ గట్టు మీద సిగ్నలుంటుందని ఆవిడ చెప్పింది. వెళ్ళి మాట్లాడొస్తాను. సోడా వేడెక్కకముందే తాగు నార్బ్."

"వెళ్ళు, వెళ్ళు. ఆవులై ఉంటాయి."

"అలా అనాల్సింది కాదు నార్బ్."

"ఏం, అబద్ధమా?"

"వాడు జనవరి నుంచి ఫోన్ల మీదుంటాడు. ప్రతి మోటెల్ వాణ్ణీ 'మా స్నేహితుడికి మోకాలు నొప్పి, కింద గదే కావాలి' అని బతిమాలతాడు. ఎవరికోసం? నాకు మోకాళ్ళు బానే ఉన్నాయి."

"నేనడగమన్నానా?"

"లేదు. నువ్వెప్పుడూ ఏదీ అడగలేదు. కొట్టు ఇంక."

"మాట్లాడకు మరి."

"మాట్లాడట్లేదు."

"గట్టిగా ఊపిరి పీలుస్తున్నావు."

"పీల్చను. కొట్టు."

"ఆ... ఆ... పో, పో, పో... ఛ!"

"పక్కనుంచి పోయింది."

"ఇసకలో రాయుంది."

"ఎక్కడ?"

"ఉండాలి, లేకపోతే ఎందుకు పోతుంది? ఇది లెక్క కాదు."

"సరే, కాదు. మళ్ళీ పెట్టు."

"చూడు ఇప్పుడు... అబ్బా! గాలి!"

"ఈ గాలికి నా టోపీ కూడా కదల్లేదు."

"నీ టోపీ బరువు. ఇంకోటి. ఇదే ఆఖరు. నువ్వటు తిరుగు."

"తిరిగాను."

"నెట్టేశాను."

"పడిందా?"

"నువ్వు దగ్గావు."

"నేను దగ్గలేదు నార్బ్."

"దగ్గబోయావు. నాకు తెలుస్తుంది. ఇంక ఈ గోల ఆపు! ఇసక మీద పడకపోతే నేను ఆడలేనట్టా? ఇసక మీద ఎవడికి పడుతుంది?"

"డ్వేన్ కి పడ్డాయి. పద్దెనిమిదీ. వాడికి మనమెప్పుడూ ఒక్కటీ ఇవ్వలేదు, గమనించావా? వాడెప్పుడూ అడగలేదు."

"వాడు ఇలాంటి చోట్ల కోసమే పుట్టాడు."

"ఆ పెన్నిలా ఇవ్వు."

"పెడతావా?"

"పెడతాను, ఇవ్వు."

"నాకు తెలుసురా! నువ్వు కాస్త ఏడిపిస్తావు గానీ మనిషివి. ఎంతైనా నలభై ఏళ్ళు... అదేంటి? ఏం కొట్టేస్తున్నావక్కడ?"

"అంకె దిద్దుతున్నాను. ఇచ్చినవి పదిహేను. వేసుకున్నది కాక ఒక్కోదానికి ఇంకొక్క దెబ్బ మాత్రమే కలిపాను. ఇప్పుడు చూశాక మూడేసి కలపాలి, పోనీలే. తొంభై తొమ్మిది. దాని కింద సంతకం. ఇదిగో."

"తొంభై తొమ్మిదా? తొంభై లోపు కావాలంటే తొంభై తొమ్మిదా! నా కార్డు పాడు చేశావు కదరా! సోమవారానికి నేనింకోటి ఎక్కణ్ణుంచి తేను? నన్ను సర్వనాశనం చేసి ఎంత చల్లగా కూర్చున్నావు!"

"అరవకు. ఆ కార్డు పంపినా ఒకటే, పంపకపోయినా ఒకటే. వాళ్ళకి కార్డులతో పని లేదు."

"నీకెలా తెలుసు?"

"నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేశారు, క్లబ్బు నుంచి. ఫారంలో నా పేరు, నెంబరు రాశావట."

"రాశాను. బాగా తెలిసినవాళ్ళెవరంటే నువ్వేగా! నిన్న చేస్తే ఇప్పుడా చెప్పేది?"

"ఇవాళ ఆట చెడగొట్టడం ఎందుకని."

"ఎవరు చేశారు? ఏమన్నారు? నా ఆట గురించి అడిగారా?"

"కార్యదర్శినని చెప్పింది ఆవిడ. ఆట గురించి అడగనే లేదు. నేనే, కార్డుల సంగతి ఏం చెప్పాలా అని నసిగాను. ఆవిడ నవ్వింది. 'మా సభ్యుల్లో సగం మంది నూరు దాటేవాళ్ళేనండి, ఆ కార్డులు బీరువాలో పెట్టుకోవడానికి' అంది."

"నవ్విందా! మంచిదేగా మరి! ఇంతసేపు నా ప్రాణం ఎందుకు తీశావు? మరి ఇంకేం అడిగింది?"

"ఒక్కటే అడిగింది, వాళ్ళు చూసేది అదేనట. 'ఆయనతో కలిసి చాలా ఊళ్ళు తిరిగారట కదా. మళ్ళీ ఆయనతో వెళ్ళాలనిపిస్తుందా మీకు?' అని."

"అంతేనా? దానికేముంది! వెళ్తాననేగా అన్నావు?"

"నీ సోడా వేడెక్కుతోంది, తాగు."

"లోవెల్. వెళ్తాననే అన్నావుగా?"

"అవుననడానికి నోరు రాలేదురా. కాదనడానికీ రాలేదు. 'మా ప్రయాణాలన్నీ చూసుకునే ఆయన వేరే ఉన్నాడు, ఆయన్నడగండి' అని డ్వేన్ నెంబరిచ్చాను. అదిగో, గట్టెక్కి మాట్లాడుతున్నాడే, వాళ్ళతోనే."